పండుగప్పకు గాలం వేస్తున్నారా? ఏది ఉంచుకోవాలి, ఏది వదిలేయాలి?

హొళగుందకు ఏ సముద్రమూ దగ్గర కాదు. అయినా దిగువ కాలువ గట్టున గాలం పట్టడం అలవాటైన వారికి, సెలవుల్లో తీరానికి వెళ్తే అక్కడా ఓ చేయి చూడాలనిపిస్తుంది. ఎక్కువ మంది ఆశపడేది పండుగప్ప కోసమే. వెళ్లేముందు ఈ విషయాలు తెలుసుకోండి.

వేట నిషేధం ఎప్పుడు?

మీరు ఏ తీరానికి వెళ్తున్నారన్న దాన్ని బట్టి తేదీలు మారతాయి. ఆంధ్రప్రదేశ్ సహా తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, కర్ణాటక, గోవా ఉన్న పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జులై 31 వరకు. రెండుచోట్లా 61 రోజులే. నిషేధం మరబోట్లు, ఇంజిన్ పడవలకు వర్తిస్తుంది. కాబట్టి ఆ రోజుల్లో ఎవరైనా ఇంజిన్ పడవలో వేటకు తీసుకెళ్తామంటే ఒప్పుకోవద్దు.

పెద్ద చేపను ఎందుకు వదలాలి?

పండుగప్పలు చాలావరకు మగవిగా ఎదుగుతాయి. మూడు నాలుగేళ్ల వయసులో మగచేపగా సంతానోత్పత్తికి సిద్ధమవుతాయి. మరికొన్నేళ్లకు, సాధారణంగా 80 నుంచి 100 సెంటీమీటర్ల పొడవుకు వచ్చేసరికి ఆడవిగా మారతాయి. అంటే మీరు ఫొటో దిగాలనుకునే భారీ చేప దాదాపుగా తల్లిచేపే. అలాంటి చేప ఒక సీజన్‌లో కోటికి పైగా గుడ్లు పెట్టగలదు. పెద్దవాటినే ఏరి పట్టేస్తే గుడ్లు పెట్టేవి మిగలవు. ఆ నష్టం మొదట తగిలేది వేటనే నమ్ముకున్న గంగపుత్రులకు.

మరి ఏ సైజు ఉంచుకోవచ్చు?

ఇదే చేపను ఆస్ట్రేలియాలో బారాముండి అంటారు. అక్కడి క్వీన్స్‌లాండ్ తూర్పు తీరంలో 58 సెంటీమీటర్ల కంటే చిన్నవి, 120 సెంటీమీటర్ల కంటే పెద్దవి పడితే చట్టప్రకారం వదిలేయాల్సిందే. మనం సరదాగా పట్టేవాళ్లం కనుక ఇంకాస్త జాగ్రత్తగా ఉండొచ్చు. 60 నుంచి 80 సెంటీమీటర్ల మధ్య ఉన్నది, ఇంటికి సరిపడా ఒకటి చాలు.

వదిలిన చేప బతకాలంటే?

- గాలం లోపలి ముల్లును ముందే ప్లయర్‌తో నొక్కేయండి. కొక్కెం తేలిగ్గా ఊడివస్తుంది.
- చేతులు తడిచేసుకుని పట్టుకోండి. పొడిచేతులతో పడితే ఒంటిపై జిగురు పొర పోయి జబ్బులు సోకుతాయి.
- మొప్పల్లో వేళ్లు పెట్టి వేలాడదీయొద్దు.
- గాలం మింగేస్తే లాగకండి, దారం దగ్గరగా కోసేయండి.
- కొలత, ఫొటో క్షణాల్లో ముగించి నీళ్లలోకి వదలండి.

ఎక్కడైనా వేయొచ్చా?

వేయకూడదు. కాకినాడ దగ్గరి కోరింగ వంటి అభయారణ్యాల్లో 1972 వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది. అటవీశాఖ వారిని ముందే అడగండి. మిగతా చోట్ల స్థానిక మత్స్యకారుల వలలకు దూరంగా ఉండండి.

తీరానికి వెళ్లేటప్పుడు గాలంతో పాటు ఒక కొలత టేపు సంచిలో వేసుకోండి. ఏ చేపను వదలాలో అదే చెబుతుంది.