అంజనమ్మ కొడుకు ఎక్కడ పుట్టాడు?

సముద్రం ఒడ్డున వానరులు డీలాపడి కూర్చున్నారు. లంక నూరు యోజనాల దూరం. అంగదుడు దూకుతానన్నాడు గానీ తిరిగి రాగలనో లేదోనన్నాడు. అప్పుడు జాంబవంతుడు, ఓ పక్కన ఉలుకూ పలుకూ లేకుండా ఉన్న హనుమంతుడి దగ్గరికెళ్లి అతని పుట్టుక కథ ఎత్తుకున్నాడు. వాల్మీకి రామాయణంలో ఆ కథ మొదటగా వినిపించేది ఇక్కడే, కిష్కింధకాండ చివర.

పుంజికస్థల అనే అప్సరస శాపం వల్ల కుంజరుడనే వానరుడి కూతురిగా, అంజనగా పుట్టింది. కేసరిని పెళ్లాడింది. కొండ మీద విహరిస్తుండగా వాయుదేవుడు ఆమెను మోహించాడు. అతని వరాన ఒక గుహలో కొడుకు పుట్టాడు. ఉదయించే సూర్యుణ్ణి చూసి పండనుకుని మూడు వందల యోజనాలు ఎగిరాడు. ఇంద్రుడు వజ్రాయుధం విసిరితే ఎడమ దవడ విరిగింది. వాయువుకు కోపమొచ్చి వీచడం మానేశాడు. లోకాలు అల్లాడిపోయేసరికి దేవతలు దిగొచ్చి పిల్లవాడికి వరాలిచ్చారు. పసివాడప్పుడే మూడు వందలు ఎగిరినవాడికి ఇప్పుడు నూరు ఒక లెక్కా? ముసలి జాంబవంతుడి ఎత్తుగడ అదే.

ఉత్తరకాండ ఇదే కథను మరింత సరదాగా చెబుతుంది. గ్రహణం రోజున సూర్యుణ్ణి పట్టబోయిన రాహువు, తన వంతు మరొకడు లాక్కుంటున్నాడని ఇంద్రుడికి ఫిర్యాదు చేస్తాడు. తీరా ఇంద్రుడు వస్తే, పిల్లవాడు తెల్లటి ఐరావతాన్నీ పండే అనుకుని దాని మీదికి ఉరుకుతాడు.

ఇంతకీ ఆ కొండ ఏది? కిష్కింధకాండ పేరు చెప్పదు. సుందరకాండలో హనుమంతుడు సీతతో తన తండ్రి గురించి చెబుతూ మాల్యవంతాన్ని, గోకర్ణాన్ని ప్రస్తావిస్తాడు. ఉత్తరకాండ కేసరి రాజ్యం సుమేరువు మీద అంటుంది. కవే ఇన్ని దారులు వదిలాక జనం ఊరుకుంటారా! హంపీకి ఎదురుగా, తుంగభద్ర అవతల ఆనెగొంది దగ్గర ఒక అంజనాద్రి ఉంది. నాసిక్ దగ్గర అంజనేరి, జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లాలో ఆంజన్ గ్రామం కూడా ఆ గౌరవం తమదేనంటాయి. తిరుమల ఏడుకొండల్లోనూ ఒకటి అంజనాద్రి. అంజన ఇక్కడే తపస్సు చేసిందని వేంకటాచల మాహాత్మ్యం చెబుతుంది. ఆ పురాణ ఆధారంతో పాటు సాహిత్య, శాసన, భౌగోళిక ఆధారాలూ ఉన్నాయంటూ తిరుమల తిరుపతి దేవస్థానం 2021 శ్రీరామనవమి నాడు తిరుమలనే జన్మస్థలంగా ప్రకటించింది. ఆనెగొందే కిష్కింధ అనే పక్షం వాళ్లు ఒప్పుకోలేదు. పురాణంలోని కొండకు సర్వే నంబరు వెతికితే తగవు తప్ప తేలేదేముంటుంది?

పుట్టిన తిథిలోనూ అంతే. ఉత్తరాదిలో చైత్ర పూర్ణిమ, తమిళనాట మార్గళి అమావాస్య, ఆంధ్రదేశంలో వైశాఖ బహుళ దశమి. సూర్యగ్రహణం పట్టేది అమావాస్యనాడే కాబట్టి, రాహువు కథను నమ్మేవాళ్లకు తమిళుల తిథి నచ్చవచ్చు.

జగిత్యాల జిల్లా కొండగట్టులో మాత్రం తగవే లేదు. చైత్ర పూర్ణిమ చిన్న జయంతి, వైశాఖ దశమి పెద్ద జయంతి. మొదటి రోజున మాల వేసుకుంటే రెండోదానిదాకా తిథుల లెక్కన 41 రోజులు, అంటే ఒక మండల దీక్ష. రెండు పండుగలకూ కాషాయం కట్టిన భక్తులతో గుట్ట కిటకిటలాడుతుంది.