కుర్చీ ఆమెది... మరి మాట ఎవరిది?

కుండెడు అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు పెద్దవాళ్లు. పల్లెల్లో ఆడవాళ్ల చేతికి నిజంగా అధికారం వచ్చిందా లేదా అని తెలుసుకోవడానికీ అంతే! రాష్ట్రమంతా తిరగనక్కర్లేదు. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి... ఈ మూడు జిల్లాల్లో 2019లో జరిగిన జిల్లా పరిషత్ ఎన్నికల ఫలితాలను ఒక్కసారి పట్టి చూస్తే సరిపోతుంది.

ఆ ఫలితాలు పేపర్లో వచ్చినప్పుడు మనలో ఎంతమందిమి చదివాం? ‘రాజకీయాలు మనకెందుకులే’ అని వంటల పేజీకి వెళ్లిపోయినవాళ్లమే ఎక్కువ. కానీ పిల్లల బడికి గోడ కట్టాలన్నా, ఊరికి రోడ్డు పడాలన్నా, ఆస్పత్రిలో డాక్టరమ్మ లేకపోతే నిలదీయాలన్నా ఆ ఫలితాలతో మనకు పని ఉంది. కాబట్టి కాస్త తీరిక చేసుకుని చదవండి.

వేరు కాపురం

2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు పాత వరంగల్ జిల్లా నుంచి ఈ మూడూ విడివడ్డాయి. మహబూబాబాద్‌లోకి ఖమ్మం వైపు నుంచి గార్ల, బయ్యారం వచ్చి చేరాయి. భూపాలపల్లిలోకి కరీంనగర్ వైపు నుంచి కాటారం, మహదేవపూర్ వచ్చాయి. మూడేళ్లు గడవకుండానే, 2019 ఫిబ్రవరిలో, భూపాలపల్లి నుంచి ములుగు మళ్లీ వేరుపడింది.

జిల్లాలు విడిపోయినా జిల్లా పరిషత్ మాత్రం 2019 దాకా ఉమ్మడిగానే నడిచింది. అంటే వేరు కాపురాలు పెట్టినా వంట ఒకే పొయ్యి మీద సాగిందన్నమాట! ఆ ఉమ్మడి వరంగల్ జిల్లా పరిషత్‌కు చివరి చైర్‌పర్సన్ కూడా ఒక మహిళే, గద్దల పద్మ.

తెల్ల కాగితం, గులాబీ కాగితం

2019 మే 6, 10, 14 తేదీల్లో మూడు విడతలుగా పోలింగ్ జరిగింది. మీట నొక్కే మిషన్లు కావు, పాతకాలం బ్యాలెట్ పెట్టెలే. ఒక్కొక్కరి చేతికి రెండు కాగితాలు ఇచ్చారు. గులాబీ రంగుది మండలం సభ్యుడి కోసం, అంటే ఎంపీటీసీకి. తెల్లది జిల్లా సభ్యుడి కోసం, అంటే జడ్పీటీసీకి. జూన్ 4న లెక్కింపు. పెట్టెలు కుమ్మరించి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ముందు రంగుల వారీగా కాగితాలను వేరు చేసుకుని, ఆ తర్వాత ఓట్లు లెక్కపెట్టారు.

రాష్ట్రం మొత్తం మీద 538 జడ్పీటీసీ స్థానాలుంటే 449 అప్పటి తెరాస గెలుచుకుంది. కాంగ్రెస్‌కు 75, భాజపాకు 8 వచ్చాయి. 32 జిల్లా పరిషత్‌లూ తెరాస ఖాతాలోకే వెళ్లాయి. మన మూడు జిల్లాల్లోనూ అదే గాలి.

అయితే అసలు ఘట్టం జూన్ 8న జరిగింది. చైర్‌పర్సన్‌ను మనం నేరుగా ఎన్నుకోం. గెలిచిన జడ్పీటీసీలే ఒకచోట కూర్చుని, చేతులెత్తి ఎన్నుకుంటారు. మండలానికి ఒక సభ్యుడి చొప్పున అప్పుడు జనగామలో 12 మంది, మహబూబాబాద్‌లో 16 మంది, భూపాలపల్లిలో 11 మంది ఉన్నారు. భూపాలపల్లిలో ఆరు చేతులు లేస్తే చాలు, జిల్లా పరిషత్ ఎవరిదో తేలిపోతుంది. ఒక్క చెయ్యికి ఎంత విలువో చూశారా!

ఆ రోజు మహబూబాబాద్‌లో ఆంగోతు బిందు, భూపాలపల్లిలో జక్కు శ్రీహర్షిణి చైర్‌పర్సన్లయ్యారు. జనగామలో పాగాల సంపత్‌రెడ్డి ఎన్నికయ్యారు. (ఆయన 2023 డిసెంబరులో పదవిలో ఉండగానే గుండెపోటుతో కన్నుమూశారు.) మూడు జిల్లాల్లో రెండింటి పెద్ద కుర్చీ ఆడవాళ్లకు దక్కిందంటే చిన్న విషయం కాదు.

సగం మనది

ఇదంతా ఒక్కరోజులో రాలేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చి, స్థానిక సంస్థల్లో మూడో వంతు స్థానాలు మహిళలకు ఇచ్చింది. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం అది సగం. అందుకే 2019లో చేతులెత్తిన జడ్పీటీసీల్లో దాదాపు సగం గాజుల చేతులే.

ఇంగ్లండు సంగతి చూడండి. అక్కడ కూడా జిల్లా కౌన్సిళ్లున్నాయి. మామూలుగా మే నెల మొదటి గురువారం పోలింగ్. అక్కడా కాగితం మీదే ఓటు, గెలిచిన సభ్యులే తమ పెద్దను ఎన్నుకుంటారు. కానీ ఆడవాళ్లకంటూ కేటాయించిన సీట్లు లేవు. కౌన్సిలర్లలో మహిళలు మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ, అంతే. మనల్ని ఏలినవాళ్ల దేశం కంటే ఈ ఒక్క విషయంలో మన మండలాఫీసు నాలుగడుగులు ముందుందంటే ముచ్చటగా లేదూ?

సంతకం చాలదమ్మా

ముచ్చట అక్కడితో ఆగిపోతే లాభం లేదు. కుర్చీలో పేరు ఆమెది, ఫోనెత్తేది ఆయన. మీటింగులో ఆమె పక్కనే ఇంకో కుర్చీ, అందులో ఆయన. ఏదన్నా అడిగితే, ‘ఆమెకేం ఎరుక, నన్నడుగుండ్రి’ అనే జవాబు. ‘సర్పంచ్ భర్త’, ‘ఎంపీటీసీ భర్త’ అనేవి పదవుల పేర్లయిపోయాయి! ఈ జబ్బు మన దగ్గరే కాదు, దేశమంతటా ఉంది. 2023లో సుప్రీంకోర్టు ముందుకు ఈ సంగతి వెళ్లాక కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఒక కమిటీ వేసింది. భార్య పదవిని భర్త చెలాయిస్తే గట్టి శిక్షలుండాలని ఆ కమిటీ 2025లో సిఫారసు చేసింది.

శిక్షల మాట అలా ఉంచండి. గెలిచిన ఆడమనిషికి తన అధికారం ఏమిటో తెలిస్తే సగం జబ్బు అదే నయమవుతుంది. జిల్లా పరిషత్ మూడు నెలలకోసారి సర్వసభ్య సమావేశం పెట్టాలి. అధికారులు అక్కడికి వచ్చి సభ్యులు అడిగిన వాటికి జవాబు చెప్పాలి. ఇవి కాక ఏడు స్థాయీ సంఘాలుంటాయి. ప్రణాళిక–ఆర్థికం, గ్రామీణాభివృద్ధి, వ్యవసాయం, విద్య–వైద్యం, మహిళా సంక్షేమం, సాంఘిక సంక్షేమం, పనులు... వీటన్నిటికీ వేర్వేరు సంఘాలు. అంగన్‌వాడీలో గుడ్డు ఎందుకు రాలేదని అడగాల్సిన చోటు అదే. ఆడపిల్లల బడిలో మరుగుదొడ్డికి నీళ్లెందుకు లేవని అడగాల్సిందీ అక్కడే. ఆ ప్రశ్న ఆయన అడిగితే మినిట్స్ పుస్తకంలోకి ఎక్కదు. ఎందుకంటే ఆయన సభ్యుడు కాడు. ఆమె అడిగితేనే ఎక్కుతుంది. అది గుర్తుంచుకోవాలి.

ఇల్లు నడిపే మనిషికి ఇది కొత్త విద్యేం కాదు. నెల సరుకుల చీటీ రాసుకుంటాం, కొట్టువాడు ఇచ్చిన లెక్క సరిచూసుకుంటాం, తూకం తగ్గితే ఊరుకోం. జిల్లా పరిషత్ బడ్జెట్టూ అంతే, అంకెలు కాస్త పెద్దవి!

నేల గుణం

ఈ నేలకు నోరున్న ఆడవాళ్లు కొత్త కాదు. ఇప్పటి జనగామ జిల్లాలోని పాలకుర్తిలో, తన పంట, తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి నిలబడిన చాకలి ఐలమ్మను మరిచిపోగలమా? ఆమెకు రిజర్వేషనూ లేదు, కుర్చీ లేదు. మాట మాత్రం ఆమెదే. అదే పాలకుర్తి 2023లో 26 ఏళ్ల మామిడాల యశస్వినీరెడ్డిని ఎమ్మెల్యేగా గెలిపించింది. ఆ ఏడాది డిసెంబరులోనే ములుగు ఎమ్మెల్యే సీతక్క రాష్ట్ర పంచాయతీరాజ్ శాఖకు మంత్రి అయ్యారు.

2019లో గెలిచిన జిల్లా పరిషత్‌ల గడువు 2024 జూలైలో ముగిసి, పాలన అధికారుల చేతికి వెళ్లింది. 2025 అక్టోబరులో కొత్త ఎన్నికలు మొదలుపెట్టబోతే బీసీ రిజర్వేషన్ల వివాదం మీద హైకోర్టు స్టే ఇచ్చింది. ఆ డిసెంబరులో ముందుగా గ్రామ పంచాయతీలకు ఎన్నికలు జరిగాయి. 2019లో ఇద్దరికి మించి పిల్లలున్న తల్లులు చాలామంది పోటీకే అర్హులు కాలేకపోయారు. ఆ నిబంధనను తీసేయాలని 2025 అక్టోబరులోనే రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది.

కాబట్టి తెల్ల కాగితం, గులాబీ కాగితం చేతికొచ్చినప్పుడు రెండు మాటలు ఆలోచించండి. నిలబడిన అక్క తన నోటితో తను ఓటు అడుగుతోందా, లేక ఆమె తరఫున వేరెవరో అడుగుతున్నారా? గెలిచాక ఇంటికి వెళితే పలికేది ఎవరు? మీ ఊరి సభ్యురాలితో పని పడితే ఆయన నంబరుకు కాదు, ఆమె నంబరుకే ఫోన్ చేయండి. ఆయన ఎత్తితే, ‘మేడమ్‌తోనే మాట్లాడాలి’ అనండి. నలుగురు అలా అడిగితే ఐదోసారి ఆమే ఎత్తుతుంది. ఏమంటారు?