మంగలికత్తి – దాని ఎన్నిక

గడ్డపు వెంట్రుక మందము ఇంచుమించు మిల్లీమీటరులో పదవ వంతు. చర్మమునకు గాయము కాకుండ దానిని కోయుటకు ఒకప్పుడు అనేక దేశములలో వాడుకలో ఉన్న సాధనము మంగలికత్తి. 1904లో అమెరికాలో కింగ్ క్యాంప్ జిల్లెట్ మార్చుకొనదగిన పలుచని బ్లేడు గల రేజరుకు పేటెంటు పొందెను. అటుపిమ్మట మంగలికత్తి క్రమముగా ఇండ్లనుండి తొలగిపోయినది. ఇప్పుడు కొందరు మరల దానిని చేపట్టుచున్నారు. మంచి కత్తి ఒక్కటి ఉన్నచో అది జీవితకాలము పనిచేయును. బ్లేడుల ఖర్చు ఉండదు. అయితే చేతిలో కొద్ది సొమ్ముతో తొలిసారి కొనువాడు మెరుగును చూచి మోసపోవుట కద్దు. మొద్దుకత్తి వలన సొమ్మే కాదు, చర్మమును చెడును. కాబట్టి ఈ కత్తిలో విలువగల భాగమేదో ముందుగా తెలిసికొనవలెను.

ఉక్కు, పదను

కత్తి విలువ అంతయు దాని వాదరలో ఉన్నది. పిడి దంతముదైనను, కొమ్ముదైనను, ప్లాస్టిక్కుదైనను గడ్డము గీయుటలో భేదము లేదు. వాదర నిలుచుటకు ఉక్కు మంచిది కావలెను. నూటికి ఇంచుమించు ఒక పాలు కర్బనము గల ఉక్కును ఎర్రగా కాచి, నూనెలోగాని నీటిలోగాని ఒక్కసారిగా చల్లార్చినచో అది గాజువలె గట్టిపడి పెళుసగును. దానినే మరల సుమారు 200 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాచినచో పెళుసుతనము తగ్గును. కాఠిన్యము చాలవరకు నిలుచును. పదను పెట్టుట యనగా ఇదియే.

మిక్కిలి చౌకగా దొరకు కొత్త కత్తులలో కొన్ని ఈ పదను సరిగా లేని మెత్తని ఉక్కుతో చేసినవి. అవి అద్దమువలె మెరయును. గాని ఎంత నూరినను వాదర నిలువదు. అలలవంటి గీతలను చూచియు భ్రమపడరాదు. పూర్వము నిజామాబాదు ప్రాంతములోని కోనసముద్రములో మూసలలో తయారైన ఉక్కు పర్షియాకు ఎగుమతి అయ్యెడిది. డమాస్కస్ కత్తులుగా ప్రసిద్ధికెక్కిన ఆయుధములకు అట్టి ఉక్కు ఉపయోగపడెను. లండనులో కత్తులు చేయు జేమ్స్ స్టోడార్టు భారతదేశపు ఉక్కును మెచ్చి వాడెను. ఆయనయు మైకేల్ ఫారడేయు ఉక్కు మిశ్రలోహములపై చేసిన పరిశోధనలు 1820, 1822 సంవత్సరములలో వెలువడినవి. ఆ పాత ఉక్కులోని అలలు దాని లోపలి నిర్మాణము వలన ఏర్పడినవి. నేటి చౌకకత్తిపై గీతలు కేవలము ఆమ్లముతో పైపైన చెక్కినవి కావచ్చును. అవి కాఠిన్యమునకు హామీ కావు.

పాతకత్తి మేలు

కొద్ది సొమ్ము గలవానికి మంచి మార్గము, పేరున్న చోట తయారైన పాతకత్తిని కొనుట. ఇంగ్లండులోని షెఫీల్డు, జర్మనీలోని సోలింగెన్ ఇందుకు ప్రసిద్ధములు. 1740 ప్రాంతమున బెంజమిన్ హంట్స్‌మన్ మూసలో ఉక్కును కరగించు విధానమును రూపొందించిన తరువాత షెఫీల్డు కత్తుల కీర్తి పెరిగినది. సోలింగెన్ పేరును ఇతరులు వాడుకొనకుండ జర్మనీలో 1938లో చట్టము చేసిరి. అయినను ముద్రను మాత్రమే నమ్మరాదు. కత్తిని చేతిలోనికి తీసికొని ఈ క్రింది పరీక్షలు చేయవలెను.

మొదట వాదరను వెలుతురులో చూడవలెను. పగులు ఉన్నచో ఎంత చౌకయైనను విడిచిపెట్టవలెను. చిన్న పెచ్చు లేచినచో నూరి పోగొట్టవచ్చును. అలుగు నడుమ ఉన్న మచ్చలు హాని చేయవు; వాదర దాపున తుప్పు తిన్న గుంటలు మాత్రము పనికిరావు. వాదర నడుమ లోపలికి వంగియున్నచో అది చెడ నూరిన కత్తి. కొంచెము వెలుపలికి వంగినను దోషము లేదు. కత్తిని చదునైన గాజుపై పరుండబెట్టినప్పుడు ఊగినచో అలుగు మెలితిరిగినదని గ్రహింపవలెను.

వాదర దాపున నీలిరంగు కనిపించినచో ఎవరో దానిని తిరుగుడు సానపై పట్టి వేడెక్కించిరని అర్థము. ఉక్కు సుమారు 300 డిగ్రీలు చేరినప్పుడు ఆ రంగు వచ్చును. పదను అప్పటికే దిగిపోయి యుండును. పాత సెల్యులాయిడ్ పిడి చివికినచో దానినుండి వెలువడు వాయువులు ఉక్కును తినివేయును. అట్టి పిడిని మార్చవలెను.

కోణమును కొలుచుట

సానరాతిపై నూరునప్పుడు వాదరయు వెన్నును రెండును రాతికి ఆని యుండును. కాబట్టి వాదర కోణమును నిర్ణయించునది వెన్ను మందమే. వెన్ను మందమును అలుగు వెడల్పుతో భాగించి 57తో గుణించినచో కోణము డిగ్రీలలో తెలియును. ఉదాహరణకు, వెడల్పు 16 మిల్లీమీటరులు, వెన్ను 4.7 మిల్లీమీటరులు అయినచో కోణము సుమారు 17 డిగ్రీలు. 15 నుండి 19 వరకు ఉన్న కత్తి మంచిది. అంతకు మిక్కిలి తగ్గినచో వాదర విరుగును; పెరిగినచో వెంట్రుకను లాగును. ఒక స్కేలు, ఒక కాలిపర్సు ఉన్నచో అంగడిలోనే ఈ లెక్క చూచుకొనవచ్చును. తొలి కత్తికి 16 నుండి 19 మిల్లీమీటరుల వెడల్పు అనుకూలము.

మిగుల్చుకొనవలసిన సొమ్ము

ఉన్న సొమ్మంతయు కత్తికే పెట్టుట పొరపాటు. 2020లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ శాస్త్రజ్ఞులు బ్లేడులను ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో పరీక్షించిరి. ఉక్కుకన్న ఎంతో మెత్తనైన వెంట్రుకయే వాదరనుండి సూక్ష్మమైన పెచ్చులను లేపుట వారికి కనిపించినది. కాబట్టి ఎంత మంచి కత్తికైనను నిత్యము సంరక్షణ కావలెను. ప్రతిసారి గీసికొనుటకు ముందు తోలుపట్టెపై ముప్పది, నలుబది మారులు తీయవలెను; అప్పుడు వెన్ను ముందు నడువవలెను, వాదర వెనుక రావలెను. కొన్ని నెలల కొకసారి సన్నని సానరాతిపై నూరవలెను. కాబట్టి తోలుపట్టెకును, పనితెలిసినవానిచేత ఒకసారి నూరించుటకును సొమ్ము మిగుల్చుకొని, మిగిలినదానితో కత్తి కొనవలెను. గడ్డమును వెచ్చని నీటితో బాగుగా తడిపినచో వెంట్రుక నీరు పీల్చి మెత్తబడును. దీనికి ఖర్చే లేదు.

అంతయు సమకూర్చుకొనలేనివాడు సగము బ్లేడు అమర్చుకొను మడతకత్తిని కొనవచ్చును. దానికి సానయు తోలుపట్టెయు అక్కరలేదు. గాని చేయి మరింత తేలికగా ఆడవలెను.

ఒక జాగ్రత్త ముఖ్యము. హెపటైటిస్ బి వైరసు శరీరము వెలుపల ఏడు దినములైనను బ్రతికి యుండగలదు. పాతకత్తిని కొన్నవెంటనే సబ్బుతో కడిగి, పిడికి తగులకుండ అలుగును నూటికి 70 పాళ్ళ స్పిరిటులో నానబెట్టి, పిమ్మట నూరించవలెను. ఆపైన దానిని ఇంటిలో మరియొకరికి, తోడబుట్టినవానికైనను, ఇవ్వరాదు. వాడిన వెంటనే తుడిచి ఆరబెట్టి, పలుచగా నూనె పూసి ఉంచవలెను. ఇట్లు చూచుకొన్నచో, మెరుగులేని పాతకత్తియు మెరయు కొత్తకత్తికన్న ఎక్కువకాలము, ఎక్కువ సుఖముగా పనిచేయును.