మిరియాల పద్దు దొరికిన మట్టి

సూరత్‌లోని కతర్‌గామ్ నుంచి తపతి వెంట ఎగువకు వెళితే కామ్‌రేజ్ వస్తుంది. 2003లో సునీల్ గుప్తా ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాలు అది రెండు వేల ఏళ్ల కిందటి రేవు అని చాటాయి. ఒకటో శతాబ్దపు గ్రీకు నావిక గ్రంథం ‘పెరిప్లస్’ పేర్కొన్న కమ్మోని ఇదేనని పండితుల ఊహ. రోమన్ సరుకు భరుకచ్ఛానికి, అంటే నేటి భరూచ్‌కు, చేరుతున్న రోజులవి.

మన సరుకు ఎంత దూరం పోయిందో ఉత్తర ఇంగ్లండ్‌లోని విండోలాండా అనే రోమన్ కోట చెబుతుంది. అక్కడ దొరికిన పలుచని చెక్క పలక మీద ఒక పద్దు ఉంది: గాంబాక్స్ అనే సైనికుడు, మిరియాలు, 2 దెనారీలు (రోమన్ వెండి నాణేలు). ఆ మిరియాలు భారత తీరం నుంచి వెళ్లినవే.

చెక్క అన్నేళ్లు ఎలా నిలిచింది? పాత కొయ్య కోటను పడగొట్టి, దానిపై బంకమట్టి, గడ్డిపెళ్లలు పరిచి మళ్లీ కొత్తది కట్టేవారు. ఆ తడి మట్టిలోకి గాలి చొరబడలేదు. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు ఆక్సిజన్ అందక చెక్క, తోలు చెప్పులు, బట్టలు మిగిలాయి. మసకబారిన సిరాను పరారుణ కిరణాల ఫొటోలతో చదివారు. వానకు తడిసి, ఎండకు ఆరే మన నేలల్లో ఇలాంటి పలకలు నిలవడం చాలా అరుదు. మనకు మిగిలేది కుండపెంకు, రాయి, గాజు.

విండోలాండాలో ఏ అనుభవమూ లేని మామూలు జనం కూడా పేరు నమోదు చేసుకుని స్వచ్ఛందంగా తవ్వుతారు. నిపుణుల పర్యవేక్షణలో మోకాళ్ల మీద కూర్చుని తాపీతో మట్టిని పొరపొరగా గీస్తారు. రంగు మారిందా, చెయ్యి ఆగాలి. అది మరో కాలపు పొర కావచ్చు. దొరికిన ప్రతి ముక్కా తన పొర సంఖ్యతో సంచిలోకి వెళుతుంది. వస్తువు కన్నా ఆ సంఖ్యే విలువైనదని నా నమ్మకం. పొర తెలియని పెంకు తన కాలాన్ని సగం కూడా చెప్పలేదు.

పెంకును గుర్తించడమూ తేలిక కాదు. ఇటలీలోని కంపానియాలో చేసిన రోమన్ జాడీల మట్టిలో అగ్నిపర్వతపు నల్లటి రేణువులు కనిపిస్తాయి. మన పశ్చిమ తీరంలో రోమన్‌వని అనుకున్న కొన్ని పెంకులు, లోపల తారు పూసిన మెసొపొటేమియా జాడీలవని తర్వాత తేలింది.

మన దేశంలో అనుమతి లేకుండా పురావస్తు తవ్వకాలు చేయకూడదు. అయినా సాయపడే దారి ఉంది. పునాది తీస్తుంటే పాత పెంకులో నాణేలో కనబడితే పెకలించకండి. ఉన్నచోటే ఫొటో తీసి, కలెక్టర్ కార్యాలయానికో పురావస్తు శాఖకో చెప్పండి. భూమిలో దొరికిన, పది రూపాయలకు మించి విలువైన నిధి గురించి కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే చెబుతోంది.