కాక్‌పిట్ తలుపు ఎందుకు మూసి ఉంటుంది?

విమానం ముందు భాగంలో పైలట్లు కూర్చుని దానిని నడిపే చిన్న గదిని కాక్‌పిట్ అంటారు. ఒకప్పుడు అనేక దేశాలలో, విమానం ఆకాశంలో సాగుతుండగానే, ఆసక్తి చూపిన పిల్లలను పైలట్లు ఈ గదిలోకి పిలిచి, ఎత్తును తెలిపే ఆల్టిమీటర్ వంటి పరికరాలను ఓపికగా చూపించేవారు. 2001 సెప్టెంబరు 11న అమెరికాలో హైజాకర్లు, అంటే విమానాలను బలవంతంగా స్వాధీనం చేసుకున్నవారు, నాలుగు విమానాల కాక్‌పిట్‌లలోకి చొరబడి వేలమంది ప్రాణాలు తీయడంతో ఆ ఆనవాయితీ దాదాపుగా ముగిసింది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధన మేరకు 2003 నవంబరు నుంచి పెద్ద ప్రయాణికుల విమానాలకు తుపాకీ గుండ్లను సైతం తట్టుకునే తలుపు తప్పనిసరి అయింది.

అయితే ప్రమాదం శత్రువుల వల్లనే రాదు. 1994 మార్చిలో మాస్కో నుంచి హాంకాంగ్ వెళ్తున్న ఏరోఫ్లోట్ విమానంలో, పైలట్లలో ఒకరి కుమారుడు కెప్టెన్ సీటులో కూర్చుని కంట్రోల్ చక్రాన్ని గట్టిగా తిప్పి పట్టుకోగా, విమానాన్ని తనంతట తాను నడిపించే ఆటోపైలట్‌లో ఒక భాగం పనిచేయడం మానివేసింది. పైలట్లు ఆ సంగతి వెంటనే గుర్తించకపోవడంతో విమానం అదుపు తప్పి కూలి, అందులోని 75 మందీ మరణించారు. స్నేహానికి హద్దు ఎంత అవసరమో ఇంతకన్నా బాధాకరంగా చెప్పే ఘటన మరొకటి లేదు.

కాబట్టి గాలిలో తలుపు తెరవని పైలట్‌ను కఠినుడనుకోవడం అన్యాయం. నేలమీద ఆయన తీరు వేరుగా ఉండవచ్చు. ఇంజన్లు ఆగి, తోటి ప్రయాణికులు దిగిన తరువాత విమాన సిబ్బందిని మర్యాదగా అడిగి చూడండి. సంస్థ నిబంధనలు ఒప్పుకుని, తీరిక కూడా ఉంటే, కెప్టెన్ సంతోషంగానే లోపలికి పిలవవచ్చు.