మొదటి 24 గంటలు
చట్టం చేతికి చిక్కిన మైనర్ భవిష్యత్తు కోర్టులో కంటే ముందు ఊళ్లో, స్టేషన్లో తేలిపోతోంది. ఆ ఒక్క రోజు ఏం జరగాలో ప్రతి ఇంటికీ తెలియాలి.

సూర్యాపేట జిల్లా అనంతగిరి మండలంలో ఏ ఊళ్లోనైనా జరగగల సంగతే ఇది. పదహారేళ్ల అబ్బాయి తన ఈడు పిల్లలతో కలిసి బైకు దొంగతనంలో దొరికాడని కబురొస్తుంది. తండ్రి పొలం పని వదిలేసి ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని, అప్పు తెచ్చిన డబ్బుతో స్టేషన్‌కు పరుగెడతాడు. అప్పుడు ఆయన జేబులో డబ్బు కంటే ముందు ఉండాల్సింది కొడుకు టెన్త్ మెమో.

బాల న్యాయ చట్టం-2015లో 94వ సెక్షన్ చెప్పేది అదే. వయసు తేల్చడానికి మొదట చూసేది బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే పంచాయతీ, మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఏదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. పద్దెనిమిది నిండలేదని ఆ కాగితంతో తేలితే కేసు నడిచే దారే మారిపోతుంది.

లాకప్ ఉండదు, బేడీలు ఉండవు

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులోనూ ఏడేళ్ల లోపు పిల్లలు చేసింది నేరం కాదు. ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలకు తాము చేస్తున్నదేమిటో తెలిసే పరిపక్వత లేకపోతే అదీ నేరం కాదు. ఆ మినహాయింపులు వర్తించని పద్దెనిమిదేళ్ల లోపు వారిని విచారించే పద్ధతి మాత్రం బాల న్యాయ చట్టానిదే. 1986, 2000 నాటి చట్టాల తర్వాత వచ్చిన ఈ చట్టం 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది.

దీని ప్రకారం మైనర్‌ను లాకప్‌లో పెట్టకూడదు, జైలుకు పంపకూడదు. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో జువైనల్ జస్టిస్ బోర్డు ముందుంచాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ. ప్రతి స్టేషన్లోనూ ఏఎస్సై స్థాయికి తగ్గని బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి. బేడీలు వేయకూడదని, ఏ వాంగ్మూలం మీదా సంతకం చేయించకూడదని 2016 నిబంధనలు చెబుతున్నాయి. అవే నిబంధనల ప్రకారం, ఘోర నేరమైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేసిందైతేనో తప్ప ఎఫ్‌ఐఆర్ కట్టకూడదు. మిగతా కేసుల్లో డైరీలో రాసుకుని, పిల్లవాడి ఇంటి పరిస్థితులపై నివేదిక తయారు చేసి బోర్డుకు పంపాలి.

బెయిలు విషయంలో చట్టం మరింత ఉదారంగా ఉంది. జామీను ఉన్నా లేకపోయినా విడుదల చేయాలన్నదే 12వ సెక్షన్ నియమం. బయటికొస్తే నేరగాళ్ల చేతిలో పడతాడనో, అతనికే ప్రమాదమనో, న్యాయానికి భంగమనో నమ్మడానికి ఆధారాలుంటేనే నిరాకరించాలి. బెయిలు షరతులు తీర్చలేక పిల్లవాడు ఏడు రోజులు లోపలే ఉండిపోతే, షరతులు మార్చడానికి మళ్లీ బోర్డు ముందుకు తేవాలి. కూలి చేసుకునే తల్లిదండ్రులకు ఈ ఒక్క వాక్యం ఎంత విలువైనదో ఆలోచించండి. మన బైకు దొంగతనం లాంటి చిన్న నేరాల్లో నాలుగు నెలల్లో, మహా అయితే ఆరు నెలల్లో విచారణ పూర్తి కాకపోతే కేసే ముగిసిపోతుంది.

పదహారు దాటితే

2012 డిసెంబరు ఢిల్లీ సామూహిక అత్యాచారం కేసు నిందితుల్లో ఒకరు మైనర్ కావడంతో వయోపరిమితి తగ్గించాలన్న డిమాండ్ దేశంలో గట్టిగా వచ్చింది. జస్టిస్ వర్మ కమిటీ అందుకు ఒప్పుకోలేదు. అయినా 2015 చట్టం మధ్యేమార్గం పట్టింది. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు వారిపై ఘోర నేరం, అంటే కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకు మించిన నేరం, ఆరోపణగా వస్తే బోర్డు వారి మానసిక, శారీరక సామర్థ్యాన్ని అంచనా వేస్తుంది. అవసరమనుకుంటే పెద్దవారిగా విచారించడానికి బాలల కోర్టుకు పంపుతుంది. 2022 మేలో జరిగిన హైదరాబాద్ జూబ్లీహిల్స్ అత్యాచారం కేసులో అయిదుగురు మైనర్లలో నలుగురిని అలా పంపాలని బోర్డు అదే ఏడాది సెప్టెంబరులో నిర్ణయించింది. ఆ వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. బోర్డులో మనస్తత్వ శాస్త్రం చదివినవారు లేకపోతే ఈ అంచనాకు నిపుణుల సాయం తీసుకోవడం తప్పనిసరని సుప్రీంకోర్టు 2022 జులైలో తేల్చింది. అలా పంపిన కేసులోనూ ఉరిశిక్ష గానీ, విడుదలకు వీల్లేని యావజ్జీవం గానీ వేయకూడదు.

పెద్దవారిగా విచారించే ఈ నిబంధన పల్లెల్లో మరో రూపంలో ఎదురవుతుంది. పదిహేడేళ్ల అబ్బాయి, పదహారేళ్ల అమ్మాయి ఇష్టపడి ఇల్లు విడిచి వెళ్లినా పోక్సో కేసు కావచ్చు. అందులో సంభోగంతో కూడిన లైంగిక దాడి (పెనిట్రేటివ్ సెక్సువల్ అసాల్ట్) సెక్షన్‌కు కనీస శిక్ష పదేళ్లు కాబట్టి అదీ ఘోర నేరాల లెక్కలోకే వస్తుంది. క్రూరమైన అత్యాచారాన్నీ కౌమారపు ప్రేమనూ ఒకే గాటన కట్టే పోక్సో చట్టాన్ని సవరించాలి. అంతవరకు ఆ తేడాను గుర్తించే బాధ్యత బోర్డుదే.

పెద్దల నేరం, పిల్లల పేరు

పిల్లలను ముందుకు తోసి దొంగతనాలు చేయించేవాళ్లున్నారు. పిల్లలతో నేరం చేయించినవారికి న్యాయ సంహిత 95వ సెక్షన్ కింద మూడు నుంచి పదేళ్ల జైలు. మైనర్‌కు బండి ఇచ్చిన తండ్రి లేదా యజమాని కూడా మోటారు వాహనాల చట్టం కింద మూడేళ్ల దాకా జైలుకు, 25,000 రూపాయల జరిమానాకు సిద్ధపడాలి. హైదరాబాద్–విజయవాడ హైవే పక్కనే ఉన్న కోదాడ ప్రాంతంలో ఇది ప్రతి ఇంటి మాట కావాలి.

ఊరు చేసే నేరం మరొకటుంది. స్టేషన్లో ఉన్న పిల్లవాడి ఫొటో సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. అతని పేరు, బడి, ఊరు, ఆనవాలు ఏది బయటపెట్టినా ఆరు నెలల దాకా జైలో, రెండు లక్షల రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడవచ్చు. బాలుడిగానే విచారణ జరిగితే ఆ నేరం అతని చదువుకూ ఉద్యోగానికీ అడ్డు కాకూడదని, గడువు తీరాక రికార్డులు ధ్వంసం చేయాలని చట్టం చెబుతోంది. చట్టం చెరిపేసిన మచ్చను ఊరు సెల్‌ఫోన్లలో దాచుకుంటే ఆ పిల్లవాడు ఎక్కడికి వెళ్లి బతకాలి?

కాబట్టి పని ఊళ్లోనే మొదలవ్వాలి. బడి పిల్లల పుట్టినతేదీలు సరిగ్గా నమోదు చేయాలి. పంచాయతీ జనన పత్రాలు ఆలస్యం చేయకూడదు. సంక్షేమ పోలీసు అధికారి పేరు, బాలల సాయానికి 1098, ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబర్లు ప్రతి పంచాయతీ గోడ మీదా రాయాలి. తప్పు చేసిన పిల్లవాడికి దిద్దుకునే అవకాశం ఇవ్వాలని పార్లమెంటు ఎప్పుడో నిర్ణయించింది. ఆ అవకాశం అనంతగిరి దాకా చేరేలా చూడాల్సింది మనం.