తెగిన గాజుపోగు, తానై మాఱు దారి

కోయంబత్తూరు మిల్లులలో నేతశాఖయందు పనిచేసిన పెద్దలు మన కుటుంబములలో పలువురు కలరు. వారి నడిగినచో ఒక చిన్న రేకును గూర్చి చెప్పుదురు. యంత్రపు మగ్గముమీద పడుగునందలి ప్రతి పోగునకును ఒక పలుచని ఉక్కురేకు వ్రేలాడుచుండును. పోగు బిగువుగా నున్నంతవఱకు రేకు పైననే నిలుచును. పోగు తెగిన తోడనే రేకు క్రిందికి జాఱును. మగ్గము తనంతట తానే ఆగిపోవును. పనివాడు వచ్చి, తెగినచోటు వెదకి, ముడివేసి, మగ్గమును మరల నడపును. మనుష్యుని కన్ను పడకముందే యంత్రము లోపమును కనిపెట్టుట యిందలి విశేషము.

నేడు మన మాటలను, చిత్రములను, బ్యాంకు లెక్కలను, పరీక్షాఫలితములను ఊరినుండి ఊరికి మోయుచున్నది మఱియొక పోగు. అది గాజుపోగు. దానిని ఆప్టికల్ ఫైబర్ అందురు. అదియు తెగుచుండును. కాని యిచ్చట మగ్గమువలె ఆగిపోవుటకు వీలులేదు. తెగినదని తెలిసిన క్షణముననే పని యంతయు రెండవ పోగుమీదికి మాఱవలయును. ముడివేయుట తరువాతి మాట. ఈ మార్పు మనుష్యుడు చేయి వేయకయే జరుగుటకు యంత్రములలో ముందుగా చేయబడు ఏర్పాటు నెట్లు చేయుదురో, అది యెప్పుడు మనలను కాపాడునో, ఎప్పుడు కాపాడదో యిచ్చట వివరింతును.

గాజుపోగు నిర్మాణము తెలిసినదే కావున రెండు మాటలలో ముగింతును. దూరమార్గములలో వాడు పోగు వ్యాసము 125 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. అందు వెలుగు నడచు నడిమిభాగము సుమారు 9 మైక్రానులు మాత్రమే. వెలుగు దాని అంచులను దాటి బయటికి పోక లోపలనే మరలుచు సాగును. శుద్ధమైన గాజుతో సందేశములను బహుదూరము పంపవచ్చునని 1966లో చార్లెస్ కావో చూపెను. ఆ కృషికి ఆయనకు 2009లో నోబెల్ బహుమానము లభించినది. మన దేశమున తొలి గాజుపోగు వరుస 1979లో పూనా నగరమున రెండు టెలిఫోను ఎక్స్ఛేంజిల నడుమ వేయబడినది.

ఇంత సన్నని వస్తువు భూమిలో మీటరు, మీటరున్నర లోతున పండుకొనియుండగా దానికి శత్రువు పిడుగు కాదు, వాన కాదు, గునపము. నీటిగొట్టము వేయువాడు, రోడ్డు వెడల్పు చేయువాడు, మురుగుకాలువ త్రవ్వువాడు, ఎవనికిని క్రింద నేమున్నదో తెలియదు. ఇట్టి త్రవ్వకములవలన దేశమునకు ఏటేట సుమారు 3,000 కోట్ల రూపాయల నష్టము కలుగుచున్నదని కేంద్రప్రభుత్వము ప్రకటించి, త్రవ్వబోవువారు ముందుగా తెలుపుటకై 2023 మార్చి 22న ఒక మొబైల్ అప్లికేషనును ప్రారంభించెను. ఇది మన దేశపు జాడ్యము మాత్రమే కాదు. 2011 మార్చిలో జార్జియా దేశమున 75 ఏండ్ల వృద్ధురా లొకతె పాత రాగితీగల కొఱకు నేల త్రవ్వుచు గాజుపోగును తెంచెను. పొరుగున నున్న ఆర్మీనియా దేశమున ఇంటర్నెట్టు చాలవఱకు గంటల తరబడి మూతపడినది. ఒక దేశమంతయు ఒక పోగుపై వ్రేలాడుచుండినదని ఆనాడు లోకమునకు తెలిసినది. వృద్ధురాలిని తిట్టినవారు చాలమంది. రెండవ దారి యేల లేదని యడిగినవారు కొందఱే.

మన ప్రాంతమున దీనివలన ఎవరికి కష్టము? మధురలో 1976లో డాక్టరు జి. వెంకటస్వామిగారు పదునొకండు పడకలతో స్థాపించిన అరవింద నేత్రవైద్యశాల మన యందఱకు తెలిసినదే. తేని జిల్లాలోని ఆండిపట్టి, బోడినాయకనూరు వంటి చిన్న ఊళ్లలో ఆ సంస్థవారు నేత్రకేంద్రములు తెఱచి, 2004 ప్రాంతమున వానిని తేనిలోని తమ ఆసుపత్రితో కలిపిరి. ఊరిలోని శిక్షితురాలు రోగికన్నును పరీక్షించును; దూరముననున్న వైద్యుడు తెరపై రోగిని చూచి, మాటలాడి, మందు చెప్పును. ఆ తొలి కేంద్రములకు బంధము గాజుపోగు కాదు, గాలిలో పోవు వైర్‌లెస్ వరుస. కాని బంధము ఏదైనను ధర్మ మొకటియే. అది తెగినచో వైద్యుడు లేడు. ముసలివారు బస్సెక్కి కూలి పోగొట్టుకొని పట్టణమునకు పోవలసినదే. ఆ ప్రయాణమును తప్పించుటకే గదా కేంద్రము పుట్టినది.

ఇక ఏర్పాటు మాటకు వత్తము. రెండు ఊళ్లయందలి యంత్రముల నడుమ రెండు గాజుదారులు వేయుదురు. ఒకదానిని పనిదారి యనియు, రెండవదానిని కాపుదారి యనియు పిలుతము. యంత్రమునందు ఈ రెండు దారుల ముఖములను ఒక జతగా చేర్చి, దేనికి ఏ పాత్రయో వ్రాసి యుంచవలయును. రెండు ముఖములును ఒకే కార్డుపై నుండుట అవివేకము. కార్డు చెడినచో రెండును ఒకేసారి పోవును. రెండవ చివరనున్న యంత్రమునందును ఇదేవిధముగా వ్రాయవలయును. ఒకరు పనిదారి యన్నదానిని మఱియొకరు కాపుదారి యన్నచో, వెలుగు ప్రవహించుచున్నను మాట కలియదు.

పంపువిధానములు రెండు. మొదటిదానియందు పంపువాడు ఒకే సందేశమును రెండు దారులను ఎల్లవేళల పంపుచుండును. పుచ్చుకొనువాడు మంచిగా నున్నదానిని ఎన్నుకొనును. ఇది సులభము, త్వరితము. కాని రెండవ పోగు అంతయు ఒక్క పనికే వినియోగపడును. రెండవ విధానమునందు ఒక కాపుదారి పెక్కు పనిదారులకు ఉమ్మడి తోడుగా నుండును. పాత సింక్రనస్ పద్ధతిలో ఒక కాపుదారికి పదునాలుగు పనిదారులవఱకు అప్పగింపవచ్చును. ఖర్చు తగ్గును. అయితే రెండు పనిదారులు ఒకేనాడు తెగినచో ఒకటియే నిలుచును. ఏది ముందు నిలువవలెనో అదియు ముందే వ్రాసియుంచవలయును.

తెగినదని యంత్రమున కెట్లు తెలియును? వెలుగు పూర్తిగా ఆగుట ఒక గుర్తు. మఱియొకటి సూక్ష్మమైనది: వెలుగు వచ్చుచునే యుండును, కాని అక్షరములలో తప్పులు పెరుగుచుండును. పోగు వంగినను, అతుకులో మురికి చేరినను ఇట్లగును. లక్ష బిట్లకు ఒక తప్పు మొదలు వంద కోట్ల బిట్లకు ఒక తప్పు వఱకు, ఏ హద్దు దాటినచో దారి చెడినట్లు ఎంచవలెనో నియమింపవచ్చును. హద్దు మిక్కిలి కఠినమైనచో చిన్న దోషమునకే యంత్రము దారి మార్చుచుండును. మిక్కిలి సడలినచో కుళ్లిన దారినే పట్టుకొని వ్రేలాడును.

రెండు చివరలును ఒకేమాటపై నుండుటకు సందేశముతోపాటు రెండు చిన్న బైట్లు కాపుదారిమీద నిరంతరము పోవుచుండును. వానికి కే1, కే2 అని పేర్లు. సెకనుకు 8,000 చట్రములు పోవును. ప్రతి చట్రమునందును ఈ రెండు బైట్లుండును. ఏ యాజ్ఞయైనను వరుసగా మూడు చట్రములలో ఒకేవిధముగా కనబడిననే స్వీకరింతురు. ఒక్క పొరపాటు అక్షరమునకు దారి మాఱరాదు గదా. లోపమును కనిపెట్టుటకు 10 మిల్లీసెకనులు, మార్చుటకు 50 మిల్లీసెకనులు మించరాదని నియమము. కనుఱెప్పపాటు సాధారణముగా నూఱు మిల్లీసెకనులకు పైబడును. ఫోనులో మాటలాడువానికి ఒక చిన్న టిక్కుమను చప్పుడు వినబడినను వినబడవచ్చును.

తెగిన పోగును అతికిన తరువాత మరల పాతదారికి పోవలెనా? కొందఱు పోనక్కరలేదందురు. కాపుదారి దూరమైనదైనను, ఉమ్మడిదైనను మరలుటయే మేలు. కాని వెంటనే మరలరాదు. అతుకు వేయువాడు గోతిలో కూర్చుండి పని చేయుచుండగా వెలుగు వచ్చుచు పోవుచునుండును. యంత్రము ప్రతిసారియు ఇటునటు ఊగినచో అసలు దెబ్బకంటె ఊపు దెబ్బ ఎక్కువగును. అందువలన దారి బాగైనపిదప 5 నుండి 12 నిమిషములు నిలకడగా నున్నదని చూచి మరలునట్లు నియమింతురు.

యంత్రము తానై చేయు మార్పులుగాక మనుష్యుడిచ్చు ఆజ్ఞలును కలవు. వానిలో ఒకటి కాపుదారికి తాళము వేయుట. కాపుదారిని మరమ్మతు చేయునప్పుడు ఎవరును అటు రాకుండుటకు ఇది అవసరము. ఈ యాజ్ఞ తక్కిన అన్నిటికంటె బలమైనది. పనిదారి తెగినను తాళము తీయనిదే మార్పు జరుగదు. మరమ్మతు ముగిసి, పనివారు ఇంటికి పోయి, తాళము తీయుట మఱచినచో ఏ గంటయు మ్రోగదు, ఎవరికిని ఏమియు తెలియదు. నెలల తరువాత ఒకనాడు గునపము దిగినప్పుడే తెలియును. నా దృష్టిలో ఈ విద్యయందలి ప్రమాదములన్నిటిలో ఇదియే నిశ్శబ్దమైనది.

అయితే, ఈ ఏర్పాటులన్నియు ఒక్క తప్పు లేక చేసినను వ్యర్థమగు సందర్భ మొకటి కలదు. దాని నర్థము చేసికొనుటకు యంత్రము నవతల పెట్టి మన పటమును తీయుడు. కోయంబత్తూరునుండి మధురకు గాజుపోగు వేయవలెననుకొనుడు. పోగులు తఱచుగా రోడ్ల వెంబడి, రైలుమార్గముల వెంబడి పోవును. ఒకటి పొల్లాచ్చి, ఉడుమలైపేట, పళనిమీదుగా వేయుదము; రెండవది ఈరోడు, కరూరుమీదుగా వేయుదము. చూచుటకు రెండును ఎంత దూరదూరముగా నున్నవి! కాని పళనినుండి వచ్చు రైలుమార్గమును, కరూరునుండి వచ్చు రైలుమార్గమును దిండిగల్లున కలియును. అచ్చటినుండి మధురవఱకు దారి యొకటియే. దిండిగల్లునకు దక్షిణమున ఒక్క గొయ్యి త్రవ్వినచో పనిదారియు, కాపుదారియు కలిసియే తెగును. అప్పుడు యంత్రము 50 మిల్లీసెకనులలో తెగిన పోగునుండి తెగిన పోగునకు మాఱును!

నిజముగా వేఱుదారి కావలెనన్నచో కరూరునుండి తిరుచిరాపల్లికి పోయి, విరాలిమలై, మేలూరుమీదుగా మధుర చేరవలయును. దూరము పెరుగును, ఖర్చు పెరుగును. కాలము మాత్రము లెక్కింపదగినంత పెరుగదు. గాజులో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును గావున నూఱు కిలోమీటర్ల చుట్టునకు అర మిల్లీసెకను చాలును. ఇంతతో తీరలేదు. మీనాక్షీ ఆలయప్రాంతమున కార్యాలయ మున్నదనుకొనుడు. రెండు దారులును ఉత్తరమునుండియే వచ్చుచున్నవి. రెండును వైగై దాటవలయును. రెండును ఒకే వంతెనను పట్టుకొని దాటినచో మేలూరు చుట్టుదారి పుణ్యము వైగైలో కలిసినట్లే. కార్యాలయముచేరిన పిదప రెండును ఒకే గొట్టములో లోపలికి దూరినను అంతియే. పటమునందు రెండు గీతలు గీయుట సులభము. ఆ గీతలు ఎచ్చటెచ్చట తాకుచున్నవో నడచిచూచినవారే చెప్పగలరు.

ఇది ఊహామాత్రమని తలపవలదు. 2008 జనవరి 30న ఈజిప్టునందలి అలెగ్జాండ్రియా సమీపమున రెండు వేఱువేఱు సంస్థల సముద్రపు కేబుళ్లు ఒకేనాడు తెగినవి. పడమటి దేశములతో భారతదేశమునకు గల ఇంటర్నెట్టులో పెద్దభాగము దెబ్బతినినది. కేబుళ్లు రెండు, యజమానులు వేఱు, పేర్లు వేఱు. సముద్రపు కనుమ మాత్ర మొకటి. అప్పుడు కొన్ని సంస్థలు తూర్పుగా పసిఫిక్ మహాసముద్రముమీదుగా సందేశములను మరలించి పని నడపుకొనినవి.

ఊళ్లు పెక్కైనప్పుడు ప్రతి జతకును రెండేసి దారులు వేయుటకంటె అన్నిటిని ఒక వలయముగా కట్టుట పొదుపు. వలయమున ఒకచోట తెగినను రెండవవైపు చుట్టివచ్చి ఊరు చేరవచ్చును. సందేశము అంతము లేక తిరుగకుండుటకు మామూలు దినములలో వలయమునందొక లంకెను మూసియుంచి, మఱియొకచోట తెగినప్పుడు మాత్రమే తెఱతురు. ఈ పద్ధతికి జి.8032 అను అంతర్జాతీయ నియమము 2008లో ఏర్పడినది. భారత్‌నెట్ పథకమున మొదట పల్లెలను కొమ్మలవలె ఒక్కొక్క పోగుతో కలిపిరి. కొమ్మ విరిగినచో ఆవలి పల్లెలన్నియు చీకటిలో పడెడివి. 2023 ఆగస్టులో కేంద్రమంత్రివర్గ మామోదించిన సవరణ పథకము పంచాయతీలను వలయములుగా కలుపవలెనని నిర్ణయించినది. మన రాష్ట్రమున తమిళనాడు ఫైబర్‌నెట్ సంస్థ 12,525 గ్రామపంచాయతీలను కలుపు పనిని చేపట్టినది.

కడపట పరీక్ష. కాపుదారి నెలల తరబడి పనిలేక యుండును. పనిలేనిదాని రోగము కనబడదు. అందుచేత శ్రద్ధగల యింజనీర్లు ఒక రాత్రి, రద్దీ లేనివేళ, ముందుగా అందఱకు తెలిపి, పనిదారి పోగును చేతితో ఊడదీయుదురు. ఇద్దఱు మనుష్యులు రెండు ఊళ్లలో ఫోను పట్టుకొని నిలుతురు. రెండుచివరల యంత్రములును కాపుదారికి మాఱినవా, ఎంత కాలము పట్టినది, తప్పులు లెక్క కెక్కినవా యని వ్రాసికొందురు. తరువాత పోగును శుభ్రపఱచి మరల తగిలించి, నియమించిన నిమిషములు గడియారములో చూచుచు, యంత్రము తానై పాతదారికి మరలువఱకు అచ్చటనే యుందురు. తాళ మేదైన మిగిలియున్నదేమో చూచిన పిదపనే ఇంటికి పోదురు.